థాయ్‌వాళ్ల మధ్య మనసు చెడకుండా బతకడం ఎలా?

నేను బ్యాంకాక్ వచ్చిన రెండో నెలలో ఇంట్లో ఏసీ పాడైంది. బాగుచేసే మనిషికి ఫోన్ చేస్తే "సోంగ్ థుమ్‌కి వస్తాను" అన్నాడు. సోంగ్ అంటే రెండు అని అప్పటికే నేర్చుకుని ఉన్నాను. ఆఫీసులో ఒంటిపూట సెలవు పెట్టి మధ్యాహ్నం రెండింటికల్లా ఇంటికొచ్చి కూర్చున్నాను. మూడైంది, ఐదైంది, ఏడైంది. మనిషి లేడు. ఈ దేశంలో మాటకు విలువ లేదని మా ఆవిడకు చిన్న ఉపన్యాసం కూడా ఇచ్చేశాను. సరిగ్గా ఎనిమిదింటికి తలుపు తట్టాడు, నవ్వుతూ. నాకు ఒళ్లు మండిపోయింది.

మర్నాడు ఆఫీసులో చెబితే అందరూ పడీపడీ నవ్వారు. థాయ్ వాడుకలో రాత్రి ఏడు నుంచి గంటల లెక్క మళ్లీ ఒకటితో మొదలవుతుంది. నుంగ్ థుమ్ అంటే ఏడు, సోంగ్ థుమ్ ఎనిమిది, సామ్ థుమ్ తొమ్మిది. పాతరోజుల్లో రాత్రిపూట డప్పు కొట్టి వేళ చెప్పేవారు, ఆ చప్పుడే ఈ 'థుమ్'. మన జాముల లెక్కలాంటిదే అనుకోండి. అంటే ఆ మనిషి చెప్పిన టైముకే వచ్చాడు. మధ్యాహ్నమంతా నేను ఉడికిపోయింది నాకు తెలియక.

"పాజిటివ్‌గా ఉండండి" అని ఎవరైనా సలహా ఇస్తే నాకు చిరాకు. అనుకోగానే వచ్చేదైతే ఎవరికి చేదు? ఇక్కడ తొమ్మిదేళ్లలో మనసు చెడిన రోజులు లెక్కేసుకుంటే సగానికి పైగా ఇలాంటి 'సోంగ్ థుమ్' రోజులే. వాళ్లు చెప్పింది ఒకటి, నాకర్థమైంది ఇంకొకటి. మిగిలిన వాటిలో కొన్ని కాగితాల టెన్షన్, కొన్ని ఒంటరితనం, కొన్ని నిజంగానే జరిగిన అవమానాలు. ఒక్కోదానికి ఒక్కో మందు. వచ్చిన మొదటివారం నుంచి ఏది ముందు పట్టించుకోవాలో ఆ వరసలోనే చెబుతాను.

1. ముందు కాగితాల భయం వదిలించుకోండి

వీసా గురించి రాత్రిళ్లు నిద్ర లేనివాడికి ఏ నవ్వూ నచ్చదు. అందుకే ఇది మొదటి అడుగు. నిబంధనలు మారుతుంటాయి కాబట్టి ఇమిగ్రేషన్ వాళ్ల సైట్ చూసుకోండి. కానీ ఈ నాలుగూ మాత్రం వచ్చిన వారంలోనే ఫోన్ క్యాలెండర్‌లో పెట్టుకోండి.

మీరు ఇంట్లో దిగిన 24 గంటల్లోపు ఇంటి ఓనరు మీ పేరు ఇమిగ్రేషన్‌లో నమోదు చేయాలి. దీన్ని టీఎం 30 అంటారు. ఓనరు మర్చిపోతే ఇబ్బంది పడేది మీరే కాబట్టి, అద్దె ఒప్పందం రోజే అడిగి రసీదు ఫొటో తీసుకోండి. రెండోది, తొంభై రోజులకోసారి చిరునామా చెప్పడం. గడువుకు 15 రోజుల ముందు నుంచి 7 రోజుల తరవాత వరకు చేయొచ్చు. దాటితే 2,000 బాట్ల జరిమానా. మధ్యలో దేశం దాటి వస్తే లెక్క మళ్లీ ఒకటి నుంచి మొదలు. మూడోది, ఏడాది వీసా పొడిగింపు మీద ఉన్నవాళ్లు ఇండియా వెళ్లేముందు రీ ఎంట్రీ పర్మిట్ తీసుకోవాలి. ఒకసారికైతే 1,000 బాట్లు, ఎన్నిసార్లయినా వెళ్లి రావాలంటే 3,800. ఇది మర్చిపోయి చెల్లి పెళ్లికి వెళ్లినవాళ్ల పొడిగింపు అక్కడికక్కడే రద్దయిన సంగతులు విన్నాను. నాలుగోది వర్క్ పర్మిట్. అందులో ఉన్న కంపెనీ, అందులో ఉన్న పని మాత్రమే చేయాలి. శనాదివారాల్లో సరదాగా ఇంకో పని చేద్దామనుకోవద్దు.

చట్టం విషయంలో ఇంకొక్క మాట. ఇక్కడ రాజకుటుంబాన్ని కించపరిస్తే 112వ సెక్షన్ కింద ఒక్కో నేరానికి 3 నుంచి 15 ఏళ్ల జైలు. ఫేస్‌బుక్‌లో జోకు షేర్ చేసినా అదే చట్టం. కింద పడ్డ నోటు ఎగిరిపోకుండా కాలితో తొక్కి ఆపడం కూడా వద్దు, దానిమీద రాజు బొమ్మ ఉంటుంది. కాగితం కాలికి తగిలితే కళ్లకద్దుకునే ఇంట్లో పెరిగినవాళ్లకు ఇది ఎవరూ ప్రత్యేకంగా నేర్పనక్కర్లేదు.

2. అక్షరాలు నేర్చుకోండి, మాటల కంటే ముందే

ఇంగ్లిష్‌తో పదేళ్లు నెట్టుకొస్తున్నవాళ్లు బ్యాంకాక్‌లో ఎందరో ఉన్నారు. వాళ్లలో థాయ్‌వాళ్ల గురించి మంచిగా మాట్లాడేవాళ్లు నాకు తక్కువగానే తగిలారు. చుట్టూ నవ్వుతున్నవాళ్లు ఏం మాట్లాడుకుంటున్నారో తెలియకపోతే, మన గురించే అనిపిస్తుంది. నాకూ అనిపించేది. తీరా అర్థం కావడం మొదలయ్యాక చూస్తే లిఫ్టులో వాళ్లు మాట్లాడుకునేది మధ్యాహ్నం ఏం తినాలా అనే.

తెలుగువాడికి ఇక్కడ ఒక అదృష్టం ఉంది. థాయ్ లిపికి మూలం పల్లవుల లిపి, ఖ్మేర్ల (కంబోడియావాళ్ల) మీదుగా వచ్చింది. కాబట్టి హల్లుల వరస మన క ఖ గ ఘ ఙ వరసే. 44 హల్లులని భయపడకండి, వర్గాలుగా చదువుకుంటే వారంలో పడతాయి. క, ఖల మధ్య, ప, ఫల మధ్య, త, థల మధ్య తేడా పలకలేక యూరప్‌వాళ్లు నెలలు కుస్తీ పడతారు. మనకది పలకా బలపం నాడే అయిపోయింది. ఇక 'ఙ' సంగతి. ఓనమాల్లో దిద్ది, ఆ తరవాత జీవితంలో వాడని ఆ అక్షరం ఇక్కడ రోజూ పనికొస్తుంది. ఙాన్ అంటే పని, ఙెన్ అంటే డబ్బు, ఙూ అంటే పాము. పనీ డబ్బూ రెండూ ఙ చేతిలోనే ఉన్నాయి మరి.

మాటల్లోనూ సగం చుట్టాలే. ఆహాన్ అంటే ఆహారం, ఫాసా అంటే భాష, బున్ అంటే పుణ్యం, బాప్ అంటే పాపం. టెలిఫోన్‌కు వాళ్లు పెట్టుకున్న పేరు థోరసప్, అంటే దూరశబ్దం. వారాలు చూడండి: వన్ ఆథిత్ ఆదిత్యుడిది, వన్ జన్ చంద్రుడిది, వన్ అంగ్‌ఖాన్ అంగారకుడిది, వన్ ఫుత్ బుధుడిది. ఊళ్ల పేర్లు విప్పుకుంటూ పోవడం నాకు రైలు ప్రయాణాల్లో కాలక్షేపం. అయుత్తయ అయోధ్య, కాంచనబురి కాంచనపురి, రాట్చబురి రాజపురి. మీరు దిగిన ఎయిర్‌పోర్టే సువర్ణభూమి.

కష్టమంతా స్వరాల్లో, అంటే గొంతు ఎత్తి దించే తీరుల్లో ఉంది. అయిదు స్వరాలు. 'మై' అనే ఒక్క శబ్దం ఎత్తి పలికితే ఒకటి, దించితే ఒకటి: కొత్త, కర్ర, కాలడం, కాదు, ప్రశ్నకు చివర పెట్టే 'ఆ?' అన్నీ అదే. ఇది పుస్తకంతో రాదు. నేను మూడు నెలలు రోజూ అరగంట చదివాను, ఆ అరగంటలో నేర్చుకున్నది ఆన్‌నుత్ సంతలో పండ్లమ్మే ఆవిడ మీద ప్రయోగించేవాణ్ని. ఆవిడ నవ్వేది, సరిదిద్దేది, ఓ ముక్క జామకాయ ఎక్కువ వేసేది. తప్పు మాట్లాడితే ఎగతాళి చేస్తారని సిగ్గుపడకండి. రెండు ముక్కలు థాయ్ మాట్లాడితే చాలు, "కెంగ్ మాక్" అని మెచ్చుకుంటారు. మీ థాయ్ బాగుందని కాదు, మీరు ప్రయత్నించారని.

ఒక్కటి మాత్రం మొదటిరోజే పట్టుకోండి. ప్రతి వాక్యం చివర మగవాళ్లు 'ఖ్రప్', ఆడవాళ్లు 'ఖా' అనాలి. అది మన 'అండి'. గోదావరి జిల్లాలవాళ్లకు చెప్పనే అక్కర్లేదు, ఇక్కడ ఇట్టే కలిసిపోతారు.

3. మొహమాటాన్ని గుర్తుపట్టడం నేర్చుకోండి

ఈ వ్యాసంలో ఒక్క భాగమే చదివే ఓపిక ఉంటే ఇది చదవండి.

థాయ్‌వాళ్ల గురించి రాసిన ఇంగ్లిష్ పుస్తకాల్లో 'క్రెంగ్ జై' అనే మాట దగ్గర పేజీలు పేజీలు వివరణ ఉంటుంది. క్రెంగ్ అంటే జంకడం, జై అంటే మనసు. ఎదుటివాడికి ఇబ్బంది కలుగుతుందేమో అని అడగాల్సింది అడగకపోవడం, చెప్పాల్సింది చెప్పకపోవడం. తెల్లవాళ్లకు ఇది ఎంతకీ కొరుకుడు పడదు. మనకు ఒకే ఒక్క ముక్కలో చెప్పొచ్చు: మొహమాటం.

ఎవరింటికైనా వెళ్లినప్పుడు ఆకలేస్తున్నా "వద్దండీ, ఇప్పుడే తినొచ్చాం" అనడం మనకు తెలుసు. పెళ్లిలో వడ్డించేవాళ్లు చాలంటే ఆగరు, ఎందుకంటే మొదటి 'చాలు' చాలు కాదని వాళ్లకూ తెలుసు. అదే మొహమాటం ఆఫీసులో టై కట్టుకుని కూర్చుంటే మాత్రం గుర్తుపట్టలేకపోయాను.

నా టీములో ఒకతన్ని శుక్రవారానికి రిపోర్ట్ అయిపోతుందా అని అడిగాను. "ఖ్రప్" అన్నాడు. శుక్రవారం రాలేదు. సోమవారం అడిగితే మళ్లీ "ఖ్రప్", మళ్లీ నవ్వు. అబద్ధాలకోరని ముద్ర వేసేశాను. నిజానికి ఆ 'ఖ్రప్' ఒప్పుకోలు కాదు. కథ చెబుతుంటే పిల్లలు ఊఁ కొడతారు చూడండి, అది. "వింటున్నాను" అని అర్థం. శుక్రవారానికి అవదని అతనికి మొదటి నిమిషమే తెలుసు. పదిమంది ముందు పైఆఫీసరుతో "అవదు" అనడం అతని దృష్టిలో నన్ను చిన్నబుచ్చడం.

అప్పటి నుంచి నేను మార్చుకున్న పద్ధతులివి. అవును, కాదు అని జవాబొచ్చే ప్రశ్న అడగను. "దీనికి ఎన్ని రోజులు పట్టొచ్చు? అడ్డొచ్చేవి ఏమిటి?" అని అడుగుతాను. మీటింగులో అడగను, భోజనం క్యూలోనో చాట్‌లోనో అడుగుతాను. కాగితం మీద రెండు తేదీలు రాసి ఏది నయం అంటాను. అప్పుడు రెండో తేదీ చూపించడానికి వాళ్లకు మొహమాటం ఉండదు. ఇంకా, మాటల వెనక మాట చెవిలో పడేలా చూసుకున్నాను. "జ లోంగ్ దూ" (ప్రయత్నించి చూస్తాను) అంటే తొంభై శాతం కాదనే. "యాక్ నిత్ నుంగ్" (కొంచెం కష్టం) అంటే అసాధ్యం. ఏమీ అనకుండా పళ్ల సందున గాలి పీల్చుకున్నారంటే ఆ విషయం వదిలేయండి.

నవ్వు సంగతి కూడా ఇక్కడే. సందులో బైకు మీ కాలికి తగిలించినవాడు నవ్వుతాడు. అది 'క్షమించండి'. బ్యాంకులో మీ ఫారం తప్పని చెబుతూ ఆ అమ్మాయి నవ్వుతుంది. అది 'నాకూ ఇబ్బందిగానే ఉంది'. వచ్చిన కొత్తలో ఒకసారి మీటింగులో ఓ అమ్మాయి చేసిన లెక్క తప్పని అందరి ముందూ గట్టిగా అన్నాను. ఆమె నవ్వింది. పట్టించుకోలేదనుకున్నాను. ఆ తరవాత రెండు వారాలు నాతో పని తప్ప ఒక్క మాట మాట్లాడలేదు. "నువ్వామె ముఖం పోగొట్టావు" అని ఇంకో సహోద్యోగి మెల్లగా చెప్పాడు. 'సియా నా' అంటే ముఖం పోవడం. మనకు పరువు పోవడం. విడిగా వెళ్లి "ఖో థోత్" చెప్పుకున్నాను. ఆ థోత్ మన దోషమే. సోమవారం ఆమె బల్ల మీద ఎప్పటిలాగే నాకూ ఒక కొబ్బరి బిళ్ల కనిపించింది.

నవ్వే జాతి అని పేరు పడ్డ ఈ మనుషులు ఏడవడం కూడా చూశాను. 2016 అక్టోబర్ 13న రాజు భూమిబల్ పోయారు. నేను వచ్చి రెండు నెలలు. మర్నాటి నుంచి ఊరంతా నలుపు. దుకాణాల్లో నల్ల బట్టలు దొరక్క, ఉన్న బట్టలకే నల్లరంగు అద్దించుకున్నారు. రాజభవనం ముందున్న సనామ్ లువాంగ్ మైదానానికి వచ్చే జనానికి ముక్కూమొహం తెలియనివాళ్లు అన్నం పొట్లాలు పంచారు, బైకుల మీద ఊరికే దింపారు. మా ఇంటి కింద నూడుల్స్ అమ్మే పెద్దావిడ ఏడుస్తూనే గిన్నె చేతికిచ్చి, అలవాటుగా నవ్వింది. ఆ నవ్వు చూశాక నవ్వుకు ఒకే అర్థం అనుకోవడం మానేశాను.

4. వరస కలపండి, అన్నం తిన్నారా అని అడగండి

పెద్దవాళ్లు 'ఫీ', చిన్నవాళ్లు 'నోంగ్'. మన అన్న, అక్క, తమ్ముడు, చెల్లి. వాచ్‌మన్‌ను, కాఫీ అమ్మే అమ్మాయిని, టాక్సీ అతన్ని అందరినీ వరసతోనే పిలుస్తారు. వయసు అడగడం వాళ్లకు తప్పు కాదు. ఏ వరస పెట్టాలో తెలియాలిగా. 'వై' (నమస్కారం) విషయంలోనూ మన పద్ధతే: చిన్నవాళ్లు ముందు పెట్టాలి, పెద్దవాళ్లు అందుకోవాలి. కొత్తగా వచ్చి చిన్నపిల్లలకు కూడా వంగి వంగి దణ్ణాలు పెట్టేవాళ్లను చూస్తే థాయ్‌వాళ్లకు ఇబ్బందిగా ఉంటుంది.

"కిన్ ఖావ్ రూ యాంగ్?" అంటే అన్నం తిన్నావా ఇంకా లేదా? ఎదురుపడితే పలకరింపు ఇదే. వేరే దేశంలో ఉన్నవాడికి ఈ ఒక్క మాట ఎంత ఊరటో, అమెరికాలో ఉండి ఇక్కడికొచ్చిన మా బంధువొకాయన చెబితే గానీ నాకు తెలియలేదు. పదేళ్లలో ఆయన్ని అక్కడ ఆ మాట అడిగినవాళ్లు లేరట.

ఇంకో పలకరింపు "పై నై?" ఎక్కడికి? ఇది మాత్రం నాకు చాలాకాలం గుచ్చుకునేది. బయల్దేరేటప్పుడు ఎక్కడికని అడిగితే మా నాయనమ్మ వెనక్కొచ్చి కూర్చుని మంచినీళ్లు తాగి మళ్లీ బయల్దేరేది. వాళ్లకు జవాబు అక్కర్లేదు. చేయి అలా ఊపి "పై థియావ్" (అలా తిరిగొస్తా) అంటే చాలు. "ఈమధ్య లావయ్యారే" అన్నా నొచ్చుకోకండి. పండక్కి ఊరెళ్తే మన పిన్నులు అనరూ?

5. వంటింట్లో ఓడిపోవద్దు

మనసు సగం కడుపులోనే ఉంటుంది. వచ్చిన కొత్తలో చేపల సాస్ వాసన, రొయ్యల ముద్ద వాసన తట్టుకోలేక నెలన్నర బ్రెడ్డు తిన్నవాళ్లు నాకు తెలుసు. అలా ఉంటే దేశమే చేదవుతుంది.

చూస్తే మన కూరలన్నీ ఇక్కడున్నాయి, వేరే పేర్లతో. మునక్కాయ 'మరుమ్', దాన్ని చింతపండుతో 'కేంగ్ సోమ్' అనే చేపల పులుసులో వేస్తారు. తూటికూర 'ఫక్ బుంగ్', వెల్లుల్లి, మిరపకాయలతో వేయించి ప్రతి సందులో పెడతారు. దొండాకు 'తమ్లుంగ్', చారులాంటి సూపులో వేస్తారు. మనం దొండకాయ తిని ఆకు పారేస్తాం, వాళ్లు ఆకు తింటారు. ఎర్ర గోంగూర 'క్రజియాప్ దేంగ్'. వీళ్లు దాని కాయల ఎర్రటి తొడిమలతో షర్బత్ కాచి తాగుతారు. ఆకు ఎక్కడ దొరుకుతుందో కూరలమ్మే ముసలావిడనడిగితే చెప్పింది. ఆకులు ఏం చేసుకుంటావని తిరిగి అడిగింది. పచ్చడి రుచి చూపించాను. కారం చాలలేదంది! గుంటూరువాడితో.

శాకాహారులు రెండు మాటలు గుర్తుంచుకోవాలి. 'మంగ్‌సవిరత్', అంటే మాంస విరతి. 'జే' అంటే ఉల్లి, వెల్లుల్లి కూడా లేనిది. పసుపు జెండా మీద ఎర్రటి 'జే' అక్షరం కనిపిస్తే నిశ్చింతగా వెళ్లండి. మామూలు కొట్టులో కూరగాయలు చెప్పినా చేపల సాస్ పోస్తారు, "మై సై నామ్ ప్లా" అని చెప్పుకోవాలి. ఏటా చైనీయుల తొమ్మిదో నెలలో తొమ్మిది రోజులు జే పండుగ జరుగుతుంది. చాలా ఏళ్లు అది మన శరన్నవరాత్రులతో కలిసే వస్తుంది. ఆ రోజుల్లో ఊరు మొత్తం మీకోసమే వండినట్టుంటుంది.

పప్పులు, ఇంగువ, సోనా మసూరీ కావాలంటే బ్యాంకాక్‌లో మనవాళ్ల దుకాణాలుండే పేట పహురత్ ఉండనే ఉంది. నెలకోసారి వెళ్లండి. వారానికోసారి వెళ్తే మాత్రం మీరింకా ఇండియాలోనే ఉన్నట్టు.

6. కోపం వచ్చినప్పుడు: మూడు గళ్ల నోటుబుక్

ఇక్కడ అరిచినవాడు ఓడిపోయినట్టే. మన ఊళ్లో కౌంటర్ దగ్గర గొంతు పెంచితే పని జరుగుతుంది. ఇక్కడ గొంతు పెంచగానే అవతలి మనిషి మొహం మూసుకుపోతుంది, పని ఆగిపోతుంది. "జై యెన్ యెన్" అంటారు. మనసు చల్లబరుచుకో అని. జై రోన్ అంటే వేడి మనసు, తొందరమనిషి. నమ్ జై అంటే మనసు నీరు, దయ. ఈ భాషలో మంచీచెడూ అన్నీ మనసు చుట్టూ తిరుగుతాయి.

చల్లబడమంటే చల్లబడతామా? నేను చేసిన పని ఒకటి చెబుతాను. చిన్న నోటుబుక్కులో మూడు గళ్లు గీశాను. మొదటి గడిలో జరిగింది, వ్యాఖ్యానం లేకుండా. రెండో గడిలో నేను అనుకున్నది, తిట్లతో సహా. మూడో గడి ఖాళీ. శుక్రవారం భోజనానికి వెళ్లినప్పుడు నమ్మకమైన ఒక థాయ్ స్నేహితుడి చేత ఆ మూడో గడి నింపించేవాణ్ని. "మీ ఊళ్లో దీన్ని ఏమంటారు?" అని అడగాలి. "మీవాళ్లెందుకిలా చేస్తారు?" అని అడగకూడదు. మొదటి మూడు నెలల్లో 31 రాసుకున్నాను. అందులో 19 నా అపార్థాలు. ఏడు నిజంగా ఎదుటివాడి తప్పులే. మిగతా అయిదింటికి ఆ స్నేహితుడికి కూడా కారణం తెలియలేదు, "మై రూ" అని భుజాలెగరేశాడు. ఆ ఏడు చూసుకుంటే నాకు నెమ్మది వచ్చింది. అందరూ మంచివాళ్లని నమ్మించుకోవాల్సిన పని తప్పింది.

7. 'ఖేక్' అనే మాటతో ఏం చేయాలి

ఇది దాటేసి రాసే వ్యాసాలు చాలా చదివాను. అందుకే నేను దాటెయ్యను.

మనల్ని ఇక్కడ 'ఖేక్' అంటారు. ఆ మాటకు అర్థం అతిథి. భారతీయులను, మలయ్ ముస్లింలను, అరబ్బులను కలిపి అదే మాట. కొందరు మామూలుగానే అంటారు, కొందరు వెటకారంగా అంటారు. పాము, ఖేక్ ఒకేసారి ఎదురైతే ముందు ఖేక్‌నే కొట్టమని ఒక సామెత కూడా ఉంది. మొదటిసారి విన్నరోజు అన్నం సహించలేదు. నలుపంటే చిన్నచూపు ఉంది, టీవీ నిండా తెల్లబరిచే క్రీముల ప్రకటనలే. ఒక ఫ్లాట్ ఓనరు ఇండియన్లకు ఇవ్వనని, గోడలకు మసాలా వాసన పడుతుందని మొహం మీదే చెప్పాడు.

నేను చేసేది ఇది. అలవాటుగా ఆ మాట అన్నవాళ్లకు నవ్వుతూ "ఫొమ్ పెన్ ఖోన్ ఇందియా ఖ్రప్" అంటాను. నేను ఇండియా మనిషినండీ అని. చాలామంది వెంటనే సర్దుకుంటారు. వెటకారం చేసేవాడితో వాదించను, అక్కడి నుంచి వెళ్లిపోతాను. వాడికోసం నా సాయంత్రం పాడుచేసుకోను. ఇల్లు వెతకడానికి థాయ్ సహోద్యోగిని వెంటబెట్టుకుని వెళ్లాను, మూడో ఇల్లు దొరికింది. పోపు పెట్టేటప్పుడు బాల్కనీ తలుపు తీసిపెడతాను. అంతవరకు నా బాధ్యత. ఆ ఓనరు మాట మాత్రం ఇప్పటికీ గుర్తుంది. దాన్ని మంచిగా మార్చి చెప్పుకోను. హైదరాబాద్‌లో ఇల్లడిగితే ముందు కులం అడిగినవాళ్లు కూడా గుర్తున్నారు కాబట్టి, దాన్ని ఒక దేశానికి అంటగట్టను.

జాతీయ పార్కుల్లో విదేశీయులకు ఎక్కువ టికెట్ అని అలిగేవాళ్లుంటారు. గోల్కొండ కోట దగ్గర టికెట్ బోర్డు చదివినవాళ్లు అలగక్కర్లేదు.

8. తిట్టుకునే గుంపుకు పదినిమిషాలే

శనివారం రాత్రి నలుగురు తెలుగువాళ్లం కలిస్తే బిర్యానీ అయ్యేలోపు "ఈ థాయ్‌వాళ్లున్నారే" అని మొదలయ్యేది. మొదట్లో హాయిగా ఉండేది. ఆర్నెల్లకు గమనించాను, ఆదివారం లేచేసరికి నోరు చేదుగా ఉండేది, ఇంటి కింద వాచ్‌మన్ నవ్వు కూడా అనుమానంగా కనిపించేది. మనవాళ్లను వదిలేయమని కాదు. ఆ బిర్యానీ లేకపోతే నేనెప్పుడో పెట్టె సర్దేవాణ్ని. మేం పెట్టుకున్న నియమం ఒకటే: తిట్లకు పదినిమిషాలు, ఫోన్లో అలారం పెట్టి మరీ. ఆ తరవాత తిట్టినవాడే టీ పెట్టాలి. చాలా ఇళ్లలో టీ బాగా రావడం మొదలైంది.

9. వాళ్ల పండుగల్లో మీ పండుగ వెతుక్కోండి

ఏప్రిల్ 13 నుంచి 15 వరకు సొంగ్‌క్రాన్. మాట మన సంక్రాంతే, కాకపోతే ఇది సూర్యుడు మేషంలోకి వచ్చే సంక్రాంతి. నీళ్లు కొట్టుకోవడమే అనుకుంటారు బయటివాళ్లు. పొద్దున్నే పెద్దవాళ్ల చేతుల మీద సుగంధపు నీళ్లు పోసి దీవెనలు తీసుకోవడం అసలు పండుగ. మీ ఓనరమ్మ దగ్గరికి ఒక గిన్నె నీళ్లు, కాస్త మల్లెపూలు తీసుకెళ్లండి. ఏడాదంతా మీ ట్యాపు రిపేర్లు ఎంత తొందరగా అవుతాయో చూడండి.

లోయ్ క్రథోంగ్ పన్నెండో నెల పున్నమికి వస్తుంది, సాధారణంగా మన కార్తీక పౌర్ణమి వేళకే. అరటిదొప్పలో దీపం పెట్టి నీళ్లలో వదులుతారు. మొదటి ఏడాది మా ఆవిడ ఏమీ చెప్పకుండా ఒడ్డున కూర్చుని దొప్ప వదిలింది. పక్కనున్న థాయ్ అమ్మాయి "నీకెలా తెలుసు?" అంది. గుడి కావాలంటే సీలోమ్ రోడ్డులో మారియమ్మ గుడి ఉంది, ఇక్కడివాళ్లు వత్ ఖేక్ అంటారు. దసరా రాత్రి అక్కడి ఊరేగింపులో మనకంటే థాయ్ భక్తులే ఎక్కువ. అదే ఖేక్ అనే మాట అక్కడ దణ్ణం పెడుతూ వాడతారు.

10. ఏదీ పనిచేయని రోజుల కోసం

మూడో నెల, ఏడో నెల, ఇండియా వెళ్లొచ్చిన వారం. నాకైతే ఇవి గడ్డు రోజులు. ఆ రోజుల్లో పెద్ద నిర్ణయాలు తీసుకోవద్దు. సాయంత్రం లుంపినీ పార్కుకు వెళ్లండి. ఉచితంగా ఏరోబిక్స్ జరుగుతుంది, ఎవరూ మీ వంక చూడరు. ఆరింటికి జాతీయగీతం వస్తే పరుగెత్తేవాళ్లు కూడా నిలబడిపోతారు, మీరూ నిలబడండి. చెరువు ఒడ్డున ఉడుముల్లాంటి పెద్ద జంతువులు తిరుగుతుంటాయి, వాటి దారిన వాటిని పోనివ్వండి.

రెండు వారాలకు పైగా నిద్ర పట్టకపోతే, తిండి మీద మనసు పోకపోతే, బతకాలనిపించకపోతే అది దృక్పథంతో తీరేది కాదు, డాక్టరు చూడాల్సింది. ఇక్కడి మానసిక ఆరోగ్య శాఖ హెల్ప్‌లైన్ 1323. అంబులెన్స్‌కు 1669, పోలీసులకు 191, టూరిస్ట్ పోలీసులకు 1155. మన రాయబార కార్యాలయం సుఖుమ్‌విత్ సోయ్ 23లో ఉంది. ఈ నంబర్లు మీ ఫోన్లోనే కాదు, మీ ఆవిడ ఫోన్లో, మీ వారి ఫోన్లో కూడా ఉండాలి. ఉద్యోగం లేకుండా ఇంట్లో ఉండే మనిషికే ఒంటరితనం ఎక్కువ, ఆ సంగతి మనకు ఆలస్యంగా తెలుస్తుంది.

ఇంటికి ఫోన్ చేయడానికి టైము: మనం గంటన్నర ముందున్నాం. ఇక్కడ ఎనిమిదిన్నరైతే అక్కడ ఏడు, అమ్మ ఇంకా సీరియల్ మొదలెట్టలేదు. ఆవిడ తప్పకుండా అన్నం తిన్నావా అని అడుగుతుంది. కింద నూడుల్స్ అమ్మే ఆవిడ అప్పటికే అడిగి ఉంటుంది.